1908లో చికాగో కబ్స్ గెలుపు: మెర్కిల్ తప్పటడుగు పుణ్యమేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది: 1908లో అమెరికా బేస్‌బాల్‌లోని నేషనల్ లీగ్ టైటిల్‌ను చికాగో కబ్స్ ఒకే ఒక్క గెలుపు తేడాతో దక్కించుకుంది, న్యూయార్క్ జెయింట్స్ కుర్రాడు ఫ్రెడ్ మెర్కిల్ రెండో బేస్‌ను తాకకుండా వెళ్లిపోవడం వల్లే ఆ తేడా వచ్చింది కాబట్టి, దీన్ని అదృష్టం అనుకోవాలా, జట్టు సత్తా అనుకోవాలా? లెక్క ప్రకారం చూస్తే మీ మాటలో సగం నిజం ఉంది. ఆ రోజు మెర్కిల్‌ను అవుట్‌గా ప్రకటించకపోయి ఉంటే టైటిల్ జెయింట్స్‌దే అయ్యేది. అయినా దాన్ని అదృష్టం అనడానికి నాకు మనసొప్పదు. ఆ ఘటనకు పంతొమ్మిది రోజుల ముందు అచ్చం అలాంటిదే ఇంకొకటి జరిగింది, అప్పుడు నష్టపోయింది కబ్సే. ఆ నష్టాన్ని గుర్తుపెట్టుకుని కబ్స్ కాచుకుని కూర్చుంది, జెయింట్స్ పట్టించుకోలేదు. ఆ సీజన్ అసలు కథ అక్కడుందని నా అభిప్రాయం. ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను.

ముందుగా ఆ కాలపు ఆట తీరు తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. బేస్‌బాల్‌లో బ్యాటర్ బంతిని కొట్టి, మూడు బేస్‌లూ వరుసగా తాకి, మొదలుపెట్టిన చోటైన హోమ్ ప్లేట్ చేరితే ఒక పరుగు; ముగ్గురు అవుటైతే జట్టు ఆ ఇన్నింగ్స్ బ్యాటింగ్ ముగుస్తుంది, ఒక్కో జట్టుకు అలాంటివి తొమ్మిది. నేషనల్ లీగ్‌లో అప్పుడు ఎనిమిది జట్లు ఉండేవి, ఒక్కొక్కటి 154 ఆటలు ఆడేది, చివరికి పట్టికలో పైన నిలిచిన జట్టు అమెరికన్ లీగ్ విజేతతో ఆడే తుది పోరుకు, అంటే వరల్డ్ సిరీస్‌కు, నేరుగా వెళ్లేది. ఇప్పటిలా మధ్యలో నాకౌట్ పోటీలు (ప్లేఆఫ్‌లు), వాటిలోకి అదనపు జట్లకు చోటిచ్చే వైల్డ్ కార్డులు లేవు. ఒకే బంతిని మట్టి పట్టి, తుమ్మ జిగురు రంగుకు మారి, మెత్తబడేదాకా వాడేవారు. ఉమ్మి రాసి విసరడం నిబంధనలకు విరుద్ధం కాదు. అందువల్ల పరుగులు రావడం గగనమయ్యేది. ఆ ఏడాది నేషనల్ లీగ్ మొత్తం బ్యాటింగ్ సగటు .239 మాత్రమే, అంటే వెయ్యి ప్రయత్నాలకు 239 సార్లే బ్యాటర్ కొట్టి బేస్ చేరాడన్నమాట. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ హోమ్ రన్లు (ఒక్క దెబ్బతో బేస్‌లన్నీ చుట్టి రావడం) కొట్టిన బ్రూక్లిన్ ఆటగాడు టిమ్ జోర్డన్ సీజన్ మొత్తంలో కొట్టినవి 12. ఇలాంటి ఆటలో ఒక బంట్ (బంతిని మెల్లగా తట్టడం), ఒక దొంగిలించిన బేస్ (బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు దూకడం), అంపైర్ చూసిన లేదా చూడని ఒక అడుగు ఫలితాన్ని తిప్పేసేవి. ఎక్కువ ఆటలకు మైదానంలో ఒక్కడే అంపైర్ ఉండేవాడు, పెద్ద ఆటలైతే ఇద్దరు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

కబ్స్ అప్పటికే గొప్ప జట్టు. 1906లో 116 ఆటలు గెలిచి 36 మాత్రమే ఓడింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో అదే ఊరి వైట్ సాక్స్ చేతిలో ఓడిపోయినా, 1907లో డెట్రాయిట్ టైగర్స్‌ను ఒక్క ఆట కూడా ఓడకుండా చిత్తు చేసింది. ఇప్పుడు మనం చూసే రిగ్లీ ఫీల్డ్ అప్పటికి లేదు, వాళ్ల ఇంటి మైదానం వెస్ట్ సైడ్ పార్క్. జట్టు యజమాని చార్లెస్ మర్ఫీ 1905లో జట్టును కొన్నప్పుడు పెట్టుబడి పెట్టింది చార్లెస్ టాఫ్ట్. ఆయన సవతి తమ్ముడు విలియం హోవర్డ్ టాఫ్ట్ సరిగ్గా ఈ 1908 నవంబరులోనే అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. డబ్బున్న జట్టే గాని, డబ్బు వెదజల్లే జట్టు కాదు.

మేనేజర్ ఫ్రాంక్ ఛాన్స్ తానే మొదటి బేస్ దగ్గర ఆడేవాడు. రెండో బేస్ దగ్గర జానీ ఎవర్స్, రెండో, మూడో బేస్‌ల మధ్య షార్ట్‌స్టాప్‌గా జో టింకర్. ఈ ఇద్దరికీ 1905లో ఏదో చిన్న విషయం మీద గొడవ వచ్చింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి మైదానం బయట మాటలే లేవు. పక్కపక్కన నిలబడి, ఒకరి చేతిలోకి ఒకరు బంతి వేస్తూ, నోరు విప్పి పలకరించుకోకుండా టైటిళ్లు గెలిచారంటే వింతే. ఎవర్స్ బక్కపలచని మనిషి, ముక్కోపి, అంపైర్లతో నిత్యం తగవుపడే రకం. వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, అతనికి నిబంధనల పుస్తకం చదివే అలవాటు ఉండేది. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ జానీ క్లింగ్ ఆ రోజుల్లో ఆ స్థానంలో ఉన్న అత్యుత్తములలో ఒకడు.

బౌలింగ్ భాషలో చెప్పాలంటే వాళ్ల దాడికి మూలస్తంభం పిచర్ (బంతి విసిరేవాడు) మోర్డెకాయ్ బ్రౌన్. ఇండియానాలోని ఒక పల్లెలో చిన్నప్పుడు పశువుల దాణా కోసే యంత్రంలో కుడిచేయి పడి చూపుడువేలు చాలా భాగం పోయింది. తర్వాత ఆ చేయి కట్టుతో ఉండగానే పడిపోవడంతో మిగతా వేళ్లు వంకర తిరిగాయి. ఆ మొండివేలి మీదుగా జారిన బంతి బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా కిందికి దిగేది. జనం అతన్ని మూడు వేళ్ల బ్రౌన్ అనేవారు. 1908లో పిచర్‌గా అతని ఖాతాలో 29 గెలుపులు, 9 ఓటములు పడ్డాయి. అతనికి తోడు ఎడ్ రూల్‌బాక్ 24 గెలిచి 7 ఓడాడు. ఓర్వల్ ఓవరాల్, ఎడమచేతి వాటం జాక్ ఫీస్టర్ మిగతా ఇద్దరు. ఫీస్టర్‌కు జెయింట్స్ మీద ఉన్న పట్టు చూసి అతనికి ‘జెయింట్ కిల్లర్’ అనే పేరు కూడా వచ్చింది.

సీజన్ మొదటి సగం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. బాగానే మొదలుపెట్టిన జట్టును గాయాలు వెనక్కి లాగాయి. వాటిలో ఒకటి స్వయంకృతమే: జూన్‌లో దుస్తుల గదిలో జరిగిన గొడవలో కుర్ర ఆటగాడు హైనీ జిమ్మర్‌మన్ విసిరిన అమ్మోనియా సీసా పగిలి జిమ్మీ షెకర్డ్ కళ్లలో పడింది, చూపు పోవాల్సింది తృటిలో తప్పింది. వేసవి గడిచేకొద్దీ పిట్స్‌బర్గ్ పైరేట్స్, జెయింట్స్, కబ్స్ మూడూ ఒకదాన్నొకటి తరుముకుంటూ సెప్టెంబరులో అడుగుపెట్టాయి. పిట్స్‌బర్గ్‌కు ఆ ఏడాది .354 సగటుతో కొట్టిన హోనస్ వాగ్నర్ ఉన్నాడు. జెయింట్స్‌కు 37 ఆటలు గెలిచిన పిచర్ క్రిస్టీ మాథ్యూసన్ ఉన్నాడు, మేనేజర్‌గా జాన్ మెగ్రా ఉన్నాడు.

ఇక సెప్టెంబరు 4, పిట్స్‌బర్గ్. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసినా రెండు జట్లకూ ఒక్క పరుగు రాలేదు. పదో ఇన్నింగ్స్‌లో పైరేట్స్ బ్యాటింగ్, ఇద్దరు అవుట్, మూడు బేస్‌ల మీదా రన్నర్లు. ఓవెన్ విల్సన్ బంతిని సెంటర్ ఫీల్డ్‌లోకి కొట్టాడు, మూడో బేస్ నుంచి ఫ్రెడ్ క్లార్క్ పరుగెత్తుకొచ్చి హోమ్ ప్లేట్ తాకాడు. ఆట అయిపోయిందనుకుని మొదటి బేస్ దగ్గరున్న వారెన్ గిల్ రెండో బేస్ దాకా పోకుండానే పక్కకు తిరిగి వెళ్లిపోయాడు. ఎవర్స్ బంతి తెప్పించుకుని రెండో బేస్ మీద కాలు పెట్టి, అంపైర్ హ్యాంక్ ఓ'డేను పిలిచాడు.

ఇక్కడ నిబంధన చెప్పాలి. బ్యాటర్ బంతిని కొట్టి మొదటి బేస్‌కు పరుగెత్తినప్పుడు, అప్పటికే అక్కడున్న రన్నర్‌కు ఆ బేస్ మీద హక్కు పోతుంది. అతను రెండో బేస్‌కు వెళ్లి తీరాలి. అతను చేరకముందే ఫీల్డరు బంతి చేతిలో పెట్టుకుని ఆ బేస్‌ను తాకితే అతను అవుట్. ఆ అవుట్ ఇన్నింగ్స్‌లో మూడోది అయితే, ఈలోగా వేరే రన్నర్ హోమ్ ప్లేట్ దాటినా సరే, ఆ పరుగు చెల్లదు. క్రికెట్ చూసేవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది: గెలుపు పరుగు కొట్టిన ఆనందంలో అవతలి బ్యాట్స్‌మన్ క్రీజు చేరకుండా స్టంపు పీక్కుని పెవిలియన్ వైపు పరిగెడితే, ఫీల్డర్లు ఆ చివర బెయిల్స్ పడగొట్టి రనౌట్ అడగవచ్చు కదా, ఇదీ అంతే. ఎవరూ అడగరు కాబట్టి నిబంధన లేదని కాదు.

ఓ'డే ఆ రోజు ఒక్కడే అంపైర్. క్లార్క్ ప్లేట్ తాకాడా లేదా అని చూస్తున్న అతను గిల్‌ను చూడలేదు. చూడనిదాన్ని ప్రకటించలేనన్నాడు. పరుగు నిలబడింది, కబ్స్ 1-0తో ఓడింది. కబ్స్ ఫిర్యాదు చేస్తే లీగ్ అధ్యక్షుడు హ్యారీ పులియం కొట్టిపారేశాడు. పత్రికల్లో ఈ గొడవ వచ్చింది, అందరికీ తెలిసింది. ఆ తర్వాత ఏ మేనేజరైనా తన ఆటగాళ్లను కూర్చోబెట్టి, ‘ఆఖరి పరుగు వచ్చాక కూడా ఎదుటి బేస్ తాకండిరా’ అని చెప్పి ఉండాల్సింది. మెగ్రా లాంటి జిత్తులమారి చెప్పకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఓ'డే మాత్రం ఆ విషయాన్ని మనసులో పెట్టుకున్నాడు. తర్వాత అతని ప్రవర్తన చూస్తే, ఈసారి ఇలాంటిది జరిగితే చూసి తీరాలని అతను నిశ్చయించుకున్నట్టే కనిపిస్తుంది.

సెప్టెంబరు 22న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో కబ్స్ ఒకే రోజు రెండు ఆటలు ఆడి రెండూ గెలిచి జెయింట్స్‌తో దాదాపు సమానంగా నిలిచింది. మర్నాడు మాథ్యూసన్‌కు ఎదురుగా ఫీస్టర్. జెయింట్స్ మొదటి బేస్‌మన్ ఫ్రెడ్ టెన్నీకి నడుము పట్టేయడంతో అతని స్థానంలో మెర్కిల్‌ను దించారు. ఆ ఏడాది టెన్నీ ఆడనిది ఆ ఒక్క ఆటే. మెర్కిల్ వయసు 19 ఏళ్లు, ఆ సీజన్‌లో మొదటి నుంచి బరిలో దిగడం అతనికి అదే తొలిసారి.

ఐదో ఇన్నింగ్స్‌లో టింకర్ కొట్టిన బంతి అవుట్‌ఫీల్డ్‌లో దొర్లిపోయి హోమ్ రన్ అయింది. ఆరోదానిలో మైక్ డాన్లిన్ కొట్టిన సింగిల్‌తో (బ్యాటర్‌ను మొదటి బేస్ చేర్చే దెబ్బ) జెయింట్స్ సమం చేసింది. 1-1తో తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం. ఇద్దరు అవుటయ్యారు, మొదటి బేస్ మీద మూస్ మెకార్మిక్ ఉన్నాడు. మెర్కిల్ రైట్ ఫీల్డ్ వైపు చక్కని సింగిల్ కొట్టాడు, మెకార్మిక్ మూడో బేస్ చేరాడు. ఈ దెబ్బే లేకపోతే మిగతా కథ లేదని చాలామంది మరిచిపోతారు. తర్వాత ఆల్ బ్రిడ్‌వెల్ సెంటర్ ఫీల్డ్‌లోకి కొట్టాడు. బేస్‌ల దగ్గరున్న అంపైర్ బాబ్ ఎమ్‌స్లీ ఆ బంతి తగలకుండా కింద పడిపోయాడు. మెకార్మిక్ పరుగెత్తుకొచ్చి ప్లేట్ తాకాడు. జనం కేరింతలు కొడుతూ మైదానంలోకి దూకారు.

ఆ మైదానంలో ఆటగాళ్ల గది అవుట్‌ఫీల్డ్ అవతలి కొసన ఉండేది. ఆట ముగిశాక ప్రేక్షకులను మైదానం మీదుగానే బయటికి పోనిచ్చేవారు కాబట్టి, ఆ గుంపులో చిక్కుకోకుండా గది చేరుకోవడానికి ఆటగాళ్లు ఆఖరి బంతి పడగానే పరుగు లంకించుకోవడం ఆనవాయితీ. మెర్కిల్ రెండో బేస్ వైపు సగం దూరం వెళ్లి, మెకార్మిక్ ప్లేట్ చేరడం చూసి, గది దారి పట్టాడు. ఎవర్స్ బంతి కోసం కేకలేశాడు. సెంటర్ ఫీల్డర్ సాలీ హాఫ్‌మన్ విసిరిన బంతి ఎక్కడికో పోయింది. జెయింట్స్ పిచర్ జో మెగినిటీ దాన్ని లాక్కుని జనంలోకి విసిరేశాడని ఒక కథనం. కబ్స్ వాళ్లు ఒక ప్రేక్షకుడి చేతిలోంచి దాన్ని వెనక్కి తెచ్చారని ఇంకొకటి. చివరికి ఎవర్స్ చేతికి వచ్చింది అసలు బంతే కాదని మరొకటి. ఆ రోజు అక్కడున్న మనుషులే తర్వాత ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు కాబట్టి, ఏది నిజమో తేల్చేశామని ఎవరైనా అంటే నమ్మకండి. ఏదో ఒక బంతి పట్టుకుని ఎవర్స్ రెండో బేస్ మీద నిలబడ్డాడన్నది మాత్రం తిరుగులేనిది.

ఎమ్‌స్లీ తాను చూడలేదన్నాడు. ప్లేట్ దగ్గరున్న ఓ'డే ఈసారి రెండో బేస్ వైపు కూడా ఒక కన్నేసి ఉంచాడు. మెర్కిల్ అవుట్, పరుగు చెల్లదన్నాడు. మైదానం నిండా జనం, చీకటి కమ్ముకొస్తోంది. ఆట కొనసాగించే వీలు లేదు కాబట్టి సమంగా ముగిసినట్టు నివేదిక ఇచ్చాడు. జెయింట్స్ గెలిచిందని సంబరపడుతూ ఇంటికి వెళ్లిన వేలమందికి మర్నాటి పత్రికల్లో గాని అసలు సంగతి తెలియలేదు.

పులియం తన అంపైర్‌ను సమర్థించాడు. రెండు జట్లూ అప్పీలు చేశాయి: తమ గెలుపును కాజేశారని జెయింట్స్, ఇంటి జట్టు మైదానాన్ని ఖాళీ చేయించలేకపోయింది కాబట్టి ఆట తమకే ఇవ్వాలని కబ్స్. లీగ్ డైరెక్టర్లు ఇద్దరి కోరికనూ తోసిపుచ్చి, అవసరమైతే అక్టోబరు 8న ఆ ఆటను మళ్లీ ఆడాలని తేల్చారు. నా దృష్టిలో ఇంతకన్నా న్యాయమైన తీర్పు సాధ్యం కాదు. ఈ వివాదంలో పులియం న్యూయార్క్ పత్రికల చేత, అభిమానుల చేత పడరాని మాటలు పడ్డాడు. 1909 జులైలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. దానికి ఈ వివాదమే కారణమని రాసినవాళ్లున్నారు గాని, అంతకుముందే అతని ఆరోగ్యం, మానసిక స్థితి దెబ్బతిని ఉన్నాయి కాబట్టి అంత తేలిగ్గా ముడిపెట్టడం సబబు కాదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు కీలకమైన భాగం. మెర్కిల్ ఆటతో సీజన్ ముగిసిపోలేదు. ఆ తర్వాత జెయింట్స్ చేతిలో ఇంకా రెండు వారాల ఆటలున్నాయి, అవి గెలుచుకుని ఉంటే ఆ సమం అయిన ఆట ఊసే ఎవరూ ఎత్తేవారు కాదు. ఏం జరిగింది? ఫిలడెల్ఫియా జట్టులో అప్పుడే వచ్చిన హ్యారీ కోవెలెస్కీ అనే ఎడమచేతి పిచర్ సెప్టెంబరు 29, అక్టోబరు 1, అక్టోబరు 3 తేదీల్లో, అంటే ఐదు రోజుల్లో మూడుసార్లు, జెయింట్స్‌ను ఓడించాడు. ఒకే కుర్రాడు అదే జట్టును మూడుసార్లు ఆపాడంటే ఆ జట్టు ఎంత అలిసిపోయి ఉందో ఊహించవచ్చు. మాథ్యూసన్ ఒక్కడే ఆ ఏడాది 390 ఇన్నింగ్స్ విసిరాడు.

అదే సమయంలో కబ్స్ పరిస్థితి చూడండి. సెప్టెంబరు 26న బ్రూక్లిన్‌లో రూల్‌బాక్ ఒకే రోజు రెండు ఆటలూ తానే పూర్తిగా విసిరి, రెండింటిలోనూ ఎదుటి జట్టుకు ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు: 5-0, 3-0. ప్రధాన లీగ్‌ల చరిత్రలో ఒకే రోజు రెండు షటౌట్‌లు చేసిన పిచర్ ఇంకొకడు లేడు. ఆ ఊపులో అతను వరుసగా 44 ఇన్నింగ్స్ పరుగివ్వకుండా సాగించాడు. అలిసిన బ్రౌన్‌కు, ఫీస్టర్‌కు ఒక రోజు ఊపిరి పీల్చుకునే వెసులుబాటు దొరికింది. సత్తా అనే మాట వాడాలంటే నేను దీని గురించే వాడతాను, మెర్కిల్ గురించి కాదు.

అయినా నిజాయితీగా ఒక లెక్క మీ ముందు పెట్టాలి. సీజన్ మొత్తంలో జెయింట్స్ 652 పరుగులు చేసి 456 ఇచ్చింది. కబ్స్ 624 చేసి 461 ఇచ్చింది. పైరేట్స్ 585 చేసి 469 ఇచ్చింది. అంటే పరుగుల తేడా ప్రకారం జెయింట్స్‌దే మెరుగైన జట్టు. కబ్స్ అన్నిటా మిన్న అని వాదించేవారి దగ్గర దీనికి జవాబు లేదు. కాని టైటిల్ ఇచ్చేది పరుగుల తేడాకు కాదు, గెలుపులకు.

అక్టోబరు 4 ఆదివారం. న్యూయార్క్‌లోనూ పిట్స్‌బర్గ్‌లోనూ ఆదివారం ఆటలు నిషిద్ధం, చికాగోలో కాదు. వెస్ట్ సైడ్ పార్క్‌లో ముప్పై వేలమందికి పైగా జనం ముందు బ్రౌన్ విసరగా కబ్స్ 5-2తో పైరేట్స్‌ను ఓడించింది. ఆ ఓటమితో పైరేట్స్ 98-56 (98 గెలుపులు, 56 ఓటములు) వద్ద ఆగిపోయింది. సెప్టెంబరు 4న గిల్‌ను అవుట్ ఇచ్చి ఉంటే పైరేట్స్‌కు ఒక గెలుపు, కబ్స్‌కు ఒక ఓటమి తగ్గి ఉండేవని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. జెయింట్స్ తర్వాతి మూడు రోజుల్లో బోస్టన్‌ను మూడుసార్లు ఓడించి 98-55తో కబ్స్‌ను అందుకుంది. ఇక అక్టోబరు 8 ఆట తప్పనిసరైంది.

ఆ రోజు పోలో గ్రౌండ్స్ చుట్టూ పరిస్థితి గురించి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. గేట్లు మూసేశాక కూడా వేలమంది బయట ఉండిపోయారు. కంచె విరగ్గొట్టారు. పక్కనున్న కూగన్స్ బ్లఫ్ గుట్ట మీద, ఎత్తు రైలు వంతెన స్తంభాల మీద వేలాడారు. ఒకతను అక్కడి నుంచి పడి చనిపోయాడు. బ్రౌన్‌కు చంపుతామని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయని తర్వాత అతనే చెప్పాడు. అంపైర్లు బిల్ క్లెమ్, జేమ్స్ జాన్‌స్టన్‌లకు లంచం ఇవ్వజూపిన సంగతి కూడా బయటపడింది; వాళ్లు తిరస్కరించి లీగ్‌కు తెలిపారు, చివరికి జెయింట్స్ జట్టు వైద్యుణ్ణి మైదానాల్లోకి రాకుండా నిషేధించారు.

ఆట మొదట్లోనే కబ్స్‌కు గండం. ఫీస్టర్ మొదటి బ్యాటర్ టెన్నీకి బంతి తగిలించాడు, రెండోవాడికి వాక్ (తప్పు బంతులు విసిరినందుకు ఉచితంగా మొదటి బేస్) ఇచ్చాడు. తర్వాతివాడు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) అయినప్పుడు క్లింగ్ చేతిలోంచి బంతి జారింది. రెండో రన్నర్ బక్ హెర్జాగ్ మొదటి బేస్ నుంచి కాస్త ముందుకు కదిలాడు. క్లింగ్ చటుక్కున బంతి అందుకుని ఛాన్స్‌కు విసరడంతో అతనూ అవుట్. కాని డాన్లిన్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టి టెన్నీని రప్పించాడు, ఇంకో వాక్ కూడా వచ్చింది. ఛాన్స్ అక్కడే ఫీస్టర్‌ను తప్పించి బ్రౌన్‌ను పిలిచాడు. జనం తిట్లు, కేకల మధ్య బ్రౌన్ పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఎక్కి ఆర్ట్ డెవ్లిన్‌ను స్ట్రైకౌట్ చేశాడు. మొదటి ఇన్నింగ్స్‌లోనే పిచర్‌ను మార్చడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఫీస్టర్ మీద అభిమానం, జెయింట్స్ మీద అతనికున్న గత రికార్డు పక్కనపెట్టి ఛాన్స్ తీసుకున్న ఆ నిర్ణయమే ఆ సీజన్‌కు మలుపని నేనంటాను.

మూడో ఇన్నింగ్స్‌లో మాథ్యూసన్ కుదేలయ్యాడు. ఎన్నో ఏళ్లుగా అతన్ని ధీమాగా ఎదుర్కొనే టింకర్ సెంటర్ ఫీల్డర్ సై సీమోర్ తల మీదుగా ట్రిపుల్ (మూడో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు. క్లింగ్ సింగిల్‌తో ఒక పరుగు, ఫ్రాంక్ షుల్టీ డబుల్‌తో ఇంకొకటి, ఛాన్స్ డబుల్‌తో మరి రెండు. 4-1. ఏడో ఇన్నింగ్స్‌లో జెయింట్స్ ఒక్కరూ అవుట్ కాకుండా మూడు బేస్‌లూ నింపింది. మాథ్యూసన్‌కు బదులు బ్యాట్ పట్టిన లారీ డాయిల్ పైకి లేపిన బంతిని, ప్రేక్షకులు విసిరే సీసాల మధ్య క్లింగ్ పట్టేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో వచ్చింది ఒక్క పరుగే. 4-2తో ఆట ముగియగానే కబ్స్ ఆటగాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తారు. ఆ తొక్కిసలాటలో ఛాన్స్ మెడ మీద దెబ్బ తగిలింది. చివరి లెక్క కబ్స్ 99-55, జెయింట్స్ 98-56.

కాబట్టి లెక్క ఇలా తేలుతుంది. నిబంధనను రెండుసార్లూ పక్కనపెట్టి ఉంటే జెయింట్స్ గెలిచేది. రెండుసార్లూ అమలు చేసి ఉంటే కబ్స్ ఆధిక్యం ఇంకొంచెం పెరిగేది. ఒకసారి వదిలేసి ఒకసారి అమలు చేసినప్పుడు కూడా, ఎదుటి జట్టు సొంత మైదానంలో, వాళ్ల అత్యుత్తమ పిచర్ మీద కబ్స్ మళ్లీ గెలవాల్సి వచ్చింది, గెలిచింది. దీన్ని కానుక అనడం కష్టం.

మెర్కిల్ గురించి ఒక మాట. అతన్ని ‘బుర్ర తక్కువవాడు’ అని పత్రికలు వేసిన ముద్ర జీవితాంతం వదల్లేదు. అప్పటి ఆటగాళ్లందరూ చేసే పనే అతనూ చేశాడు, పట్టుబడింది అతనొక్కడు. మెగ్రా ఏనాడూ అతన్ని నిందించలేదు, జట్టులో ఉంచుకున్నాడు, 1910 నాటికి మొదటి బేస్ అతనిదే అయింది. చికాగో శివార్లలో తెలుగు పిల్లలు కూడా ఉండే బడి జట్ల ఆటలకు నేను స్కోరు రాస్తుంటాను; ఆఖరి పరుగు రాగానే మొదటి బేస్ దగ్గరి పిల్లవాడు జట్టువైపు దూసుకురావడం ఇప్పటికీ చూస్తూనే ఉంటాను, శిక్షకులు అరిచి వెనక్కి పంపుతారు. మెర్కిల్‌కు అలా అరిచి చెప్పినవాళ్లు లేరు. తర్వాత అతను ఐదు వరల్డ్ సిరీస్‌లు ఆడి ఐదూ ఓడిపోయాడు. వాటిలో 1918లో ఆడింది కబ్స్ తరఫునే.

వరల్డ్ సిరీస్ గురించి క్లుప్తంగా చెబితే చాలు, ఎందుకంటే అసలు యుద్ధం అప్పటికే అయిపోయింది. అమెరికన్ లీగ్‌లోనూ ఆ ఏడాది పోటీ చివరిదాకా నడిచింది: వర్షం వల్ల రద్దయిన ఒక ఆటను మళ్లీ ఆడించకపోవడంతో డెట్రాయిట్ 90-63, క్లీవ్‌లాండ్ 90-64తో ముగించాయి. పేరుమోసిన బ్యాటర్ టై కాబ్ ఉన్న ఆ డెట్రాయిట్‌ను కబ్స్ 4-1తో ఓడించింది. బ్రౌన్ రెండు, ఓవరాల్ రెండు గెలిచారు, ఛాన్స్ .421 సగటుతో కొట్టాడు. అయితే చికాగోలో టికెట్లు బ్లాక్‌లో అమ్మేవాళ్ల చేతికి యజమాన్యమే చేర్చిందన్న ఆరోపణతో అభిమానులు కోపగించారు. ఇక డెట్రాయిట్‌లో అక్టోబరు 14న జరిగిన ఆఖరి ఆటకు వచ్చింది 6,210 మంది. వరల్డ్ సిరీస్ చరిత్రలో అంత తక్కువ జనం ఇంకెప్పుడూ రాలేదు. ఓవరాల్ 2-0తో ముగించాడు; మొదటి ఇన్నింగ్స్‌లో ఒక మూడో స్ట్రైక్ బంతి క్యాచర్‌కు చిక్కకపోవడంతో ఆ బ్యాటర్ అవుట్ కాకుండా మొదటి బేస్ చేరాడు, అందువల్ల ఆ ఒక్క ఇన్నింగ్స్‌లోనే నలుగురిని స్ట్రైకౌట్ చేశాడు.

ఒక్క గెలుపు తేడాను అంత పెద్దదిగా చూసేవారికి మరుసటి ఏడాది పట్టిక కూడా చూపించాలి. బిలియర్డ్స్‌లో ప్రపంచ స్థాయి ఆటగాడైన క్లింగ్ 1909 సీజన్ మొత్తం ఆడకుండా బిలియర్డ్స్ వ్యాపారం చూసుకుంటూ ఉండిపోయాడు. అతను లేని కబ్స్ 104 ఆటలు గెలిచింది, అంటే టైటిల్ నెగ్గిన 1908 కన్నా ఐదు ఎక్కువ. పిట్స్‌బర్గ్ 110 గెలిచింది, కబ్స్ రెండో స్థానంలో నిలిచింది.